వేళ్ల కింది అల

వరంగల్‌లో పసిబిడ్డకు నీళ్లు పోసే పెద్దవాళ్లను దగ్గర నుంచి చూసినవారికి ఈ కథలో కొంత ముందే తెలుసు. కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని, ఒళ్లంతా నూనె రాసి, చివరికి మాడు మీద నూనె అద్ది అరచెయ్యి ఆనించి ఉంచుతారు. గట్టిగా ఒత్తరు. మాడు దగ్గర పల్చటి చర్మం కింద ఏదో కొట్టుకుంటున్నట్టు చేతికి తెలుస్తుంది. పుర్రె ఎముకలు అక్కడ ఇంకా కలవలేదు మరి. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేసరికి ఆ ఖాళీ మూసుకుపోతుంది. అటుపైన తలంటే గట్టి పెట్టె అనీ, లోపల ఏం జరిగినా బయటి చేతికి అందదనీ వైద్య పుస్తకాలు చెప్పేవి. ఈ మాటను ఒక విద్యార్థి సరిచూడాలనుకున్నాడు. తలను తేలికగా తాకి చేసే క్రేనియోసాక్రల్ థెరపీ అనే చికిత్స పుట్టుక అక్కడ మొదలవుతుంది.

ఆ విద్యార్థి పేరు విలియం గార్నర్ సదర్లాండ్. అమెరికాలోని మిన్నెసోటాలో పత్రికా విలేకరిగా పనిచేస్తూ, ఉద్యోగం వదిలి 1898లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌కు చదువుకోవడానికి వెళ్లాడు. ఎముకలను, కీళ్లను చేతులతో సరిచేసి రోగాన్ని తగ్గించే ఆస్టియోపతి అనే పద్ధతిని ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు ఆ ఊళ్లోనే నేర్పేవాడు. 1899లో ఒకరోజు, అక్కడ ప్రదర్శనకు పెట్టిన ఒక కపాలం ముందు సదర్లాండ్ ఆగిపోయాడు. దాని ఎముకలను విడివిడిగా తీసి, ఒకదాని పక్కన ఒకటి అమర్చి ఉంచారు. కణత దగ్గరి ఎముక అంచు ఏటవాలుగా చెక్కినట్టుంది. దాన్ని చూడగానే చేప మొప్పలు గుర్తొచ్చాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. మొప్పలున్నది ఊపిరి కోసమే కదా! అయితే ఈ ఎముకలు కూడా ఊపిరి తీసినట్టు కదులుతాయా?

1959లో మొదలైన మన వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలోనూ మొదటి ఏడాది పిల్లలు 22 ఎముకల కపాలాన్ని చేతబట్టుకుని, ప్రతి అంచు పేరూ వల్లె వేస్తారు. పరీక్ష కాగానే ఎముకలు అల్మారాలోకి వెళ్లిపోతాయి. సదర్లాండ్‌ను మాత్రం ఆ అంచులు ఏళ్ల తరబడి వదల్లేదు. అది పిచ్చి ఆలోచనేమోనన్న అనుమానం మొదట కలిగింది కూడా ఆయనకే. అందుకే అది తప్పని తేల్చి, మనసులోంచి తీసేయాలనుకున్నాడు. ఎముక కదలదని రుజువు చేయాలంటే కదలకుండా బిగించి చూడాలి. ఇంకొకరి తల మీద ఆ పని చేయలేడు. కనుక తన తలనే ముందుకు పెట్టాడు.

తోలు పట్టీలు, చెక్క గిన్నె, ఫుట్‌బాల్ ఆటగాళ్ల హెల్మెట్ — దొరికినదాంతో తలను ఒకవైపు బిగించడం, ఏమవుతుందో రాసుకోవడం, మళ్లీ విప్పడం. బిగించినప్పుడల్లా ఆయన మాటతీరులో, మనస్థితిలో వచ్చే మార్పులను భార్య అదా గమనించేది. ఆయన జీవిత కథను 1962లో పుస్తకంగా రాసింది కూడా ఆమే. ఈ ఘట్టం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ప్రయోగశాల లేదు, నిధులు లేవు, తోడుగా ఒక్క మనిషి. సందేహాన్ని చంపేద్దామని మొదలుపెట్టిన పని సంవత్సరాలు గడిచేకొద్దీ నమ్మకంగా మారింది. 1939లో ‘ద క్రేనియల్ బౌల్’ అనే చిన్న పుస్తకం తెచ్చాడు. తోటి వైద్యుల్లో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. ఆయన 1954లో కన్నుమూసేదాకా చిన్న చిన్న బృందాలకు నేర్పుతూనే ఉన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ: మెదడును, వెన్నుపామును తడుపుతూ ఒక ద్రవం ఉంటుంది. వెన్నులో నీరు తీసి పరీక్ష చేశారని మనవాళ్లు చెప్పుకునే నీరు అదే. ఇటలీలోని నేపుల్స్‌లో డొమెనికో కొటున్యో 1764లోనే దాని గురించి రాశాడు. పెద్దవాళ్లలో అది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది; రోజుకు అర లీటరు దాకా కొత్తగా ఊరుతుంది. ఆ ద్రవం ఒక లయలో పొంగుతూ తగ్గుతూ ఉంటుందనీ, దాన్ని చుట్టిన గట్టి పొర ద్వారా ఆ కదలిక కపాలం నుంచి నడుము చివరి త్రికాస్థి దాకా పాకుతుందనీ, అలవాటైన వేళ్లకు అది అందుతుందనీ సదర్లాండ్ నమ్మాడు.

కథలోకి రెండో మనిషి అనుకోకుండా వచ్చాడు. 1970ల మొదట్లో జాన్ అప్లెడ్జర్ అనే ఆస్టియోపతి వైద్యుడు ఒక మెడ ఆపరేషన్‌లో సాయంగా నిలబడ్డాడు. వెన్నుపాము మీది పొరకు గట్టిగా అంటుకున్న సున్నపు పెచ్చును సర్జన్ గీకి తీస్తుంటే, ఆ పొరను కదలకుండా పట్టుకోవడం ఆయన పని. ఎంత పట్టుకున్నా అది ఆగలేదు. మెల్లగా ముందుకు వస్తోంది, వెనక్కి పోతోంది. రోగి శ్వాసతో పోల్చి చూశాడు, కుదరలేదు. గుండె లయతో పోల్చాడు, అదీ కుదరలేదు. అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ వెతుకులాటే ఆయనను సదర్లాండ్ రాతల దగ్గరకు చేర్చింది. 1975లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చేరి, ఇతర శాస్త్రవేత్తలతో కలిసి ఎనిమిదేళ్లు పనిచేశాడు. 1983లో ‘క్రేనియోసాక్రల్ థెరపీ’ పేరుతో పుస్తకం, 1985లో ఫ్లోరిడాలో సొంత సంస్థ వచ్చాయి. ఆయన పద్ధతిలో చెయ్యి పెట్టే బరువు 5 గ్రాములకు మించదు, అంటే దాదాపు మన రెండు రూపాయల బిళ్లంత. అంత తేలికైన స్పర్శ కింద పడుకున్నవాళ్లు హాయిగా ఉందన్నారు. నిద్రపోయారు. మెడ నొప్పి తగ్గిందన్నవారూ ఉన్నారు.

హాయిగా ఉందన్న మాట నిజమే కావచ్చు. మరి వేళ్లకు అందుతున్నదన్న ఆ అల? 1994లో అమెరికాలో ముగ్గురు ఫిజియోథెరపిస్టులు ఒకరి తర్వాత ఒకరు 12 మంది తలలు పట్టుకుని, నిమిషానికి ఎన్ని అలలు వస్తున్నాయో లెక్కపెట్టారు. ఒకరి లెక్క ఇంకొకరితో కలవలేదు. పొంతన దాదాపు సున్నా. 1998లో మరో బృందం ఇంకా తెలివైన పరీక్ష పెట్టింది. ఒకే మనిషి తల దగ్గర ఒకరు, పాదాల దగ్గర ఒకరు, అదే సమయంలో. శరీరమంతా ఒకే అల ఉంటే రెండు చోట్లా ఒకే లెక్క రావాలి. రాలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1999లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ వడపోసి, ఈ చికిత్స పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. పెద్దవారి కపాలపు ఎముకలు వేళ్ల తాకిడికి కదులుతాయన్న మాట కూడా నిలబడలేదు. తన తలనే బిగించుకుని వెతికిన మనిషి వివరణ వీగిపోవడం బాధగానే ఉంటుంది. కానీ పరీక్షకు నిలబడనిదాన్ని నిలబడలేదనే చెప్పాలి.

ఇక్కడితో కథ ఆగిపోయి ఉంటే దీన్ని రాయాల్సిన పనే లేదు. పడుకున్నవాళ్లు చెప్పిన ఆ హాయి సంగతి మాత్రం మిగిలే ఉంది. సదర్లాండ్ పుస్తకం వచ్చిన 1939లోనే, స్వీడన్‌లో ఇంగ్వే జోటర్‌మన్ పిల్లుల నరాల్లో ఒక వింత చూశాడు. చాలా సన్నటి, చాలా నెమ్మదైన తంతువులు. అలాంటివి నొప్పినీ వేడినీ మోసేవని అనుకునేవారు. ఇవి మాత్రం మెత్తగా తాకితే స్పందిస్తున్నాయి. మనుషుల్లో ఇవి ఉన్నట్టు ఎవరికీ దొరకలేదు. పరిణామక్రమంలో పోయాయేమోనని సరిపెట్టుకున్నారు.

మనిషి నరంలోకి తొంగిచూడటం ఎలా? 1960ల మధ్యలో స్వీడన్‌లోని ఉప్సలాలో హాగ్‌బార్త్, వాల్బో అనే ఇద్దరు వైద్యులు వెంట్రుకంత సన్నటి టంగ్‌స్టన్ సూదిని తమ చేతి నరాల్లోకే గుచ్చుకుని లోపలి సంకేతాలు విన్నారు. ఎదుటివారికి చేయలేని పనిని తమ ఒంటి మీదే చేసుకున్నారు. ఆ సూదితోనే, జోటర్‌మన్ తర్వాత దాదాపు యాభై ఏళ్లకు, 1988లో మనిషి ముఖంలో ఆ తంతువులు దొరికాయి. కొన్నేళ్లకు ముంజేతిలోనూ దొరికాయి. వాటికి సీ-టాక్టైల్ తంతువులని పేరు. మామూలు స్పర్శ వార్త సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరుగెడితే, వీటిలో అది సెకనుకు సుమారు ఒక మీటరు నడుస్తుంది.

ఇంత నిదానంగా నడిచే వార్త ఎందుకు? దానికి దారి చూపింది ఒక మహిళ దురదృష్టం. జబ్బు వల్ల ఆమె శరీరంలో వేగంగా పనిచేసే స్పర్శ నరాలన్నీ పోయాయి, సన్నటివి మిగిలాయి. తనకు స్పర్శే తెలియదని ఆమె ఎన్నో ఏళ్లుగా నమ్మింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన హాకన్ ఓలాసన్ అనే శాస్త్రవేత్త బృందం ఆమె ముంజేతి మీద మెత్తటి కుంచెతో మెల్లగా రాసింది. ఎక్కడ రాస్తున్నారో ఆమె సరిగా చెప్పలేకపోయింది. కానీ ఏదో హాయిగా ఉందంది. స్కానింగ్‌లో స్పర్శను గుర్తించే మెదడు భాగం వెలగలేదు. అనుభూతులతో ముడిపడిన లోపలి భాగం వెలిగింది. ఆ ఫలితం 2002లో అచ్చయింది. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే ఈ తంతువులు ఎక్కువగా పలుకుతాయనీ, మనుషులకు అత్యంత హాయి అనిపించేదీ ఆ వేగమేననీ 2009లో తేలింది. అమ్మ బిడ్డ తల నిమిరే వేగం కూడా దాదాపు అంతే.

సదర్లాండ్ చెప్పిన ద్రవం కథ కూడా పూర్తిగా వృథా కాలేదు. లోతుగా ఊపిరి పీల్చినప్పుడు మెదడులోకి అది ఎలా కదులుతుందో 2015లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎమ్మారైలో చూశారు. గాఢ నిద్రలో సుమారు 20 సెకన్లకోసారి అది పెద్ద అలగా వస్తుందని 2019లో బోస్టన్ బృందం చూపింది. అలలున్నాయి. వాటిని పట్టిచ్చింది వేళ్లు కావు, యంత్రం.

ఒక్క జాగ్రత్త మాత్రం ఈ థెరపీ నేర్పేవారే చెబుతారు. మెదడులో రక్తస్రావం, తలకు కొత్తగా తగిలిన దెబ్బ ఉన్నప్పుడు దీని జోలికి వెళ్లకూడదు. ఉన్నట్టుండి వచ్చిన భరించలేని తలనొప్పి అయినా, పసిబిడ్డ మాడు ఉబ్బినా వెళ్లాల్సింది వరంగల్ ఎంజీఎం లాంటి ఆసుపత్రికే.

జర్మనీలో 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 54 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఎనిమిది వారాలు క్రేనియోసాక్రల్ చికిత్స, రెండో జట్టుకు పేరుకు మాత్రం తేలికగా తాకడం. మొదటి జట్టులో నొప్పి ఎక్కువగా తగ్గింది. తర్వాత 2024లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నమ్మదగ్గ మేలు కనిపించలేదు. అయితే ఆ 54 మంది మీదా ఏదో ఒక చెయ్యి పడింది. నాకైతే ఇంకో రకం పరీక్ష చూడాలనుంది: చెయ్యే తగలని జట్టు ఒకటి, ఊరికే పట్టుకున్న జట్టు ఒకటి, సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున నిమిరిన జట్టు ఒకటి. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా రోగి చేతే గుర్తు పెట్టిస్తే చాలు. కాకతీయ మెడికల్ కాలేజీ లాంటి చోట కూడా దాన్ని మొదలుపెట్టొచ్చు.