నోటిపూత వెంట నడచిన ఔషధచరిత్ర

సుశ్రుతుడు ముఖరోగములను ఏడు స్థానములలో 65గా విభజించి, నోరంతయు వ్యాపించు పుండ్లకు సర్వసరములని వేరొక వర్గమునే ఏర్పరచెను. ఆ పూర్వవైద్యుడు అంత శ్రద్ధతో గమనించిన బాధను మనము మాత్రము వేడిచేసి నోరు పూసినదని తేలికగా త్రోసివేయుచున్నాము. చారన్నము సైతము నిప్పువలె తగులగా, పెదవి కదపుటకు వెఱచి, ఆకలితోనే విస్తరి ముందునుండి లేచిపోవువారి అవస్థ తేలికయైనది కాదు. దేహరక్షణకై పుట్టిన శక్తియే దేహముపై తిరుగబడు లూపస్, పెంఫిగస్ వంటి వ్యాధులలో ఈ పూతయు పొక్కులును మానినట్లే మాని మరల మరల వచ్చుచుండును. అట్టివారిలో అనేకులు నేడు సేవించు రెండు మందుల చరిత్రలో నోటిపూత అడుగడుగున కానవచ్చును. ఆ చరిత్రకు మన భీమవరముతో సంబంధము కలదు.

ఉష్ణదేశములలో స్ప్రూ అను వ్యాధి యుండెను. 1759లో బార్బడోస్ ద్వీపమున విలియం హిల్లరీయు, 1880లో చైనా తీరమున పాట్రిక్ మాన్సనును దీనిని వర్ణించిరి. నాలుక ఎఱ్ఱబారి, పైపొర లేచిపోయి, ఉప్పుకారములు తాకనీయని మంట పుట్టును. ఎడతెగని విరేచనములతో రోగి ఎముకల గూడగును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనముననే అన్నను ఈ వ్యాధికి కోల్పోయెను. తానును దాని వాతబడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనెను. 1922లో అమెరికాకేగి, హార్వర్డులో ఏండ్ల తరబడి శ్రమించి, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరిన ఆయన నేతృత్వమున, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా సిద్ధమాయెను. స్ప్రూ రోగులకు దానినీయగా పుండైన నాలుకలు మానసాగెను. తన యింటివారిని కబళించిన వ్యాధికి మందు తన ప్రయోగశాలనుండియే వెలువడుట కంటె ఒక శాస్త్రజ్ఞునకు గొప్ప సాఫల్యము వేరొకటి యుండునని నేననుకొనను.

అయినను కథ అంతటితో ఆగలేదు. ఆ అణువునందే స్వల్పమైన మార్పు చేసి, ఫోలిక్ ఆమ్లము పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను, పిదప మెథోట్రెక్సేట్‌ను అచ్చటి రసాయనికులే నిర్మించిరి. 1948లో బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన పిల్లలకు అమినోప్టెరిన్‌ను ఇచ్చి, కొందరికి తాత్కాలికముగనైనను ఉపశమనము కలిగించెను. కాని పోషకమును అడ్డగించు మందు కనుక, నోటిలో పుండ్లు లేచుటను మోతాదు మించుచున్నదనుటకు గుర్తుగా వైద్యులు చూచుకొనవలసి వచ్చెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావు 53 ఏండ్లకే కన్నుమూసెను. 1951లో అదే అమినోప్టెరిన్ కీళ్లవాతమునకును, సోరియాసిస్‌కును పనిచేయునని గబ్నర్ అను వైద్యుడు ప్రకటించుటను ఆయన చూడలేదు.

మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతచికిత్సలో అమెరికా ప్రభుత్వానుమతి 1988లో గాని రాలేదు. నేడది వారమునకొక్కమారు మాత్రమే స్వల్పమోతాదులో సేవింపవలసినది. పొరబాటున దినదినము మింగి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు. దానివలన కలుగు నోటిపూత తగ్గుటకు వైద్యులు వ్రాయునది ఫోలిక్ ఆమ్లమే. లూపస్ రోగి నోరు పూసినపుడు అది వ్యాధివలననో మందువలననో కంటికి తెలియదు. మందు తానుగా మానక, రక్తకణముల లెక్క తీయించి వైద్యునికి చూపవలయును.