శఫఖ్, నెలవంక, అగ్నిపర్వతాల పొర

డమాస్కస్‌లోని ఉమయ్యద్ జామె మసీదులో క్రీ.శ. 14వ శతాబ్దిలో ఇబ్నుష్షాతిర్ (1304–1375) అనే ఖగోళ శాస్త్రవేత్త మువఖ్ఖిత్‌గా ఉండేవారు. మువఖ్ఖిత్ అనగా నమాజు వేళలను నిర్ణయించే విద్వాంసుడు. 1371లో ఆయన ఆ మసీదు మీనారుపై ఒక గొప్ప నీడగడియారాన్ని నెలకొల్పారు. అయితే నీడగడియారం పగటికే పనికివస్తుంది. ఇషా వేళ ఎప్పుడు ప్రవేశిస్తుంది, ఫజ్ర్ వేళ ఎప్పుడు మొదలవుతుంది అన్నవి నీడ చెప్పగల సంగతులు కావు. వాటికి సూర్యుడు క్షితిజానికి ఎంత దిగువన ఉన్నాడో లెక్కించాలి. సాయంసంధ్య ముగియడానికి 17 డిగ్రీలు, ఉషస్సు మొదలవడానికి 19 డిగ్రీలు అన్నది ఆనాటి మువఖ్ఖిత్‌ల లెక్క. అంతకు మూడు శతాబ్దాల ముందే అల్‌బీరూనీ 18 డిగ్రీలని చెప్పి ఉన్నారు. నేటి నమాజు పట్టికల్లోనూ చాలావరకు ఇవే అంకెలు స్వల్ప భేదాలతో కనిపిస్తాయి.

ఈ అంకెల వెనుక చెప్పకుండానే అంగీకరించిన ఒక భావన ఉంది. గాలి ఏటేటా ఒకే తీరున ఉంటుందన్నదే ఆ భావన. సూర్యుడు అస్తమించిన తరువాత కూడా పైనున్న గాలి ఎండను అందుకుని మనకు చెదరగొడుతుంది గనుకనే సంధ్యాకాంతి ఉంది. స్పెయిన్‌కు చెందిన ఇబ్ను ముఆజ్ అల్‌జయ్యానీ 11వ శతాబ్దిలోనే దీనిని ఆధారం చేసుకుని, కాంతిని చెదరగొట్టే ఆవిర్లు సుమారు 52 మైళ్ల ఎత్తు వరకు ఉంటాయని గణించారు. (ఆ గ్రంథాన్ని చాలా కాలం ఇబ్నుల్ హైసమ్‌ది అనుకున్నారు. అసలు కర్త ఎవరో 1967లో ఎ. ఐ. సబ్రా నిరూపించారు.) గాలి పైపొరల్లోకి కొత్త వస్తువేదైనా వచ్చి చేరితే ఈ లెక్క ఏమవుతుందన్న ప్రశ్నకు మాత్రం ఆ కాలంలో అవకాశం కలగలేదు.

ప్రశ్న చిన్నది కాదు. ఇషా వేళ శఫఖ్ అంతరించడంతో మొదలవుతుంది. శఫఖ్ అంటే పడమటి ఎరుపు అని ఇమాం మాలిక్, ఇమాం షాఫియీ చెప్పారు. ఇమాం అబూ హనీఫా శిష్యులైన అబూ యూసుఫ్, ముహమ్మద్ అష్షైబానీల అభిప్రాయమూ అదే. ఎరుపు పోయిన తరువాత మిగిలే తెలుపే శఫఖ్ అన్నది ఇమాం అబూ హనీఫా అభిప్రాయం. ఎవరి మాట తీసుకున్నా రంగును చూడవలసింది కన్నే.

ఇక 1883కు రావాలి. ఆ సంవత్సరం ఆగస్టు 26, 27 తేదీల్లో జావా, సుమత్రా దీవుల నడుమ నున్న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. 36 వేల మందికి పైగా మరణించారు, వారిలో అత్యధికులు సముద్రపు ఉప్పెనలకు బలైనవారు. సెప్టెంబరు రెండవ వారంలో, అనగా హిజ్రీ 1300 జిల్‌ఖాదా నెలలో, సింహళంలోను, దక్షిణ భారతదేశంలోను ప్రజలు సూర్యుణ్ణి ఆకుపచ్చగా చూశారు. మద్రాసులో భౌతికశాస్త్ర ఆచార్యుడైన మిచీ స్మిత్ ఆ పచ్చని సూర్యకాంతిని వర్ణపట దర్శినితో పరీక్షించి, నీటి ఆవిరి గుర్తులు బలంగా ఉన్నాయని రాశాడు. తరువాతి కాలంలో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయినది ఈయనే. నవంబరు నాటికి ఆ పొర ఉత్తరానికి పాకింది. అమెరికాలోని పకీప్సీ, న్యూహేవెన్ పట్టణాలలో పడమర మండుతున్నదని భ్రమపడి అగ్నిమాపక యంత్రాలను పిలిపించారు. లండన్ రాయల్ సొసైటీ ఈ దృశ్యాలన్నిటినీ సేకరించి 1888లో పెద్ద నివేదికగా ప్రచురించింది.

ఆ నివేదికలో శఫఖ్ విషయమై అతి ముఖ్యమైనది ‘రెండవ ఎరుపు’. సూర్యుడు అస్తమించాక మామూలుగా ఎరుపు వచ్చి పోయేది. పడమర దాదాపు చీకటి పడుతుండగా మళ్లీ ఒక ఎరుపు లేచేది. ఒకసారి అంతరించిన ఎరుపు తిరిగి వస్తే వేళ ఎప్పుడు ప్రవేశించినట్లు? పట్టికను నమ్మేవానికి ఈ చిక్కు లేదు. కంటిని నమ్మేవానికే ఉంది.

దీనికి కారణం చాలామంది అనుకున్నట్లు బూడిద కాదు. బూడిద బరువైనది, కొద్ది వారాలలోనే చాలావరకు నేల చేరుతుంది. అగ్నిపర్వతం చిమ్మిన గంధకపు వాయువు 20 కిలోమీటర్లకు పైన నీటి ఆవిరితో కలిసి గంధకామ్లపు సూక్ష్మ బిందువులుగా మారుతుంది. అక్కడ వాన లేదు గనుక ఆ పొర ఏడాది, రెండేళ్లు నిలుస్తుంది. 1980 మే 18న అమెరికాలో పేలిన సెయింట్ హెలెన్స్ పర్వతం లోకమంతటా వార్త అయినా, దాని గంధకపు వాయువు పది లక్షల టన్నుల ప్రాంతమే కాబట్టి ఆకాశంపై దాని ముద్ర స్వల్పం. 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ సుమారు 70 లక్షల టన్నులు, 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లోని పినటుబో ఒకటిన్నర నుంచి రెండు కోట్ల టన్నులు పైకి పంపాయి. పేలుడు చప్పుడుకు, ఆకాశం మసకబారడానికి సంబంధం తక్కువని దీనివల్ల తేలుతుంది.

నక్షత్రాలను చూడటం అలవాటైన ఔత్సాహికులకు ఈ పొర వల్ల జరిగే నష్టం ఒక వింత తీరున ఉంటుంది. పినటుబో తరువాత నడినెత్తిన ఉన్న నక్షత్రపు కాంతిలో పదో వంతు, లేదా అంతకు కొంచెం ఎక్కువ, తగ్గింది. కంటికి అది తెలియదు. అదే నక్షత్రం క్షితిజానికి 5 డిగ్రీల ఎత్తున ఉంటే, దాని కాంతి ఆ పొరను ఏటవాలుగా కోసుకుని రావాలి. ఎనిమిది రెట్ల దారి. అప్పుడు సగానికి పైగా కాంతి పోతుంది. పొర దెబ్బ నడినెత్తి మీద కన్న దిగంతం మీదనే ఎక్కువన్న మాట. నెలవంకను వెదికేది సరిగ్గా అక్కడే. పైగా దాని వెనుక సంధ్యాకాంతి మామూలుకన్న ప్రకాశవంతం. వంక మసకబారి, దాని వెనుకనున్న తెర వెలిగితే, సన్నని వంక కంటికి చిక్కదు. 1992 మార్చిలో హిజ్రీ 1412 రమజాన్ నెలవంకను ప్రపంచం ఆ పొర గుండానే వెదికింది.

పాత కాలంలో ఇటువంటి పొర ఎప్పుడు ఉండేదో తెలుసుకోవడానికి చంద్రగ్రహణం ఒక సాధనం. సంపూర్ణ గ్రహణంలో చంద్రుణ్ణి చేరేది భూమి అంచు చుట్టూ గాలిలో వంగి వచ్చిన ఎర్రని కాంతి. గాలి నిర్మలంగా ఉంటే చంద్రుడు రాగి రంగున ఉంటాడు. గంధకపు పొర ఉంటే నల్లబడతాడు, ఒక్కొక్కప్పుడు మాయమే అవుతాడు. క్రకటోవా తరువాత 1884 అక్టోబరు 4న, బాలిలోని ఆగుంగ్ తరువాత 1963 డిసెంబరు 30న, పినటుబో తరువాత 1992 డిసెంబరు 9న అట్లే జరిగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త దాంజోన్ ఈ వెలుగును 0 నుంచి 4 వరకు అంకెలతో కొలిచే పద్ధతి పెట్టాడు. పరికరం అక్కరలేదు, కన్ను చాలు.

ఇక్కడే ముస్లిం ఖగోళ గ్రంథాలు కొంత నిరాశ కలిగిస్తాయి. కైరోలో ఇబ్ను యూనుస్ (మరణం 1009) తన జీజ్‌లో ఎన్నో గ్రహణాలను నమోదు చేశారు. అయితే ఆయనకు కావలసింది వేళ. నక్షత్రపు ఎత్తు కొలిచి గ్రహణం మొదలైన గడియ రాశారు గాని, చంద్రుని రంగుపై ఆయన దృష్టి నిలవలేదు. రంగు సంగతి చరిత్రకారుల పాలబడింది. 10వ శతాబ్దిలో అరబ్బీలో చరిత్ర రాసిన మన్‌బిజ్ బిషప్ మహబూబ్ ఇబ్ను ఖుస్తంతీన్, హిరాక్లియస్ చక్రవర్తి 17వ పాలనా సంవత్సరంలో సూర్యబింబంలో సగం అక్టోబరు నుంచి జూన్ వరకు మసకబారిందని రాశాడు. అది క్రీ.శ. 626–627, అనగా హిజ్రీ 5వ సంవత్సరం. గ్రీన్‌లాండ్ మంచులో ఆ కాలానికే గంధకపు పొర దొరికింది. మూడు శతాబ్దాల తరువాత రాసిన ఒక వాక్యానికి మంచు సాక్ష్యం చెప్పడం విశేషమే.

2023లో వెలువడిన ఒక పరిశోధన 1100–1300 నడుమ ఐరోపాలో కనిపించగల 64 సంపూర్ణ చంద్రగ్రహణాలను పరిశీలించింది. వాటిలో 51 చరిత్రలకెక్కగా, అయిదింటిలో మాత్రమే చంద్రుడు అసాధారణంగా నల్లబడినట్లు ఉంది. ఆ అయిదింటిలో ఒకటి 1258 మే 18 నాటిది. దానికి ముందటి ఏడే లొంబోక్ దీవిలో సమాలాస్ పర్వతం పేలింది. గత రెండు వేల ఏళ్లలో అతి పెద్ద విస్ఫోటాలలో అది ఒకటి. మంగోలుల చేతిలో బాగ్దాదు పతనమైన హిజ్రీ 656వ సంవత్సరం అదే. నసీరుద్దీన్ తూసీ మరాగా వేధశాలకు పునాది వేసిన 1259 నాటికి ఆ పొర పలుచబడుతూ ఉండాలి.

అరబ్బీ, పారశీక చరిత్రలలోని తేదీలను క్రీస్తు శకానికి మార్చేవారు గణితానికి, గ్రంథంలోని వారానికి ఒక రోజు తేడా వస్తే లేఖకుని పొరపాటనో, ఆనాడు మబ్బు పట్టిందనో సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కాని హిజ్రీ 656 రమజాన్, అనగా 1258 సెప్టెంబరు వంటి నెలల విషయంలో మూడవ కారణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మబ్బు లేని సాయంత్రాన కూడా వంక కంటికి కనపడక, నెల ముప్పై రోజులు నిండి ఉండవచ్చు.