శస్త్రచికిత్స పీజీ విద్యలో ఆన్‌లైన్ బోధన

జనరల్ సర్జరీ, ఎముకలు, కన్ను, ప్రసూతి వంటి విభాగాల్లో పీజీ చేసే వైద్యులు వెబినార్లు, వీడియో పాఠాలు, సిమ్యులేటర్లతో నేర్చుకునే పద్ధతి ఇది. కోవిడ్‌కు ముందే ఉన్నా, అందరికీ తప్పనిసరైంది 2020 లాక్‌డౌన్‌తోనే. ఇలాంటి పీజీ చదువుకు పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని నందిగామ, జగ్గయ్యపేటలకు ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి ప్రభుత్వ బోధనాసుపత్రి విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాలది. 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట నుంచి 80కి కాస్త లోపు. ఈ పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అంతకు ముందరి రికార్డులను కృష్ణా జిల్లా కింద వెతకాలి. ఈ పీజీలకు పట్టాలిచ్చే, 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు కూడా 2022లో ఒకసారి మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకే వచ్చింది. పట్టా మీది పేరు చూసి ఏడాది చెప్పేయలేం.

లాక్‌డౌన్‌లో అత్యవసరం కాని ఆపరేషన్లు ఆగిపోయాయి. పన్నెండు వారాల ఉద్ధృతిలో ప్రపంచమంతటా 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దు కావడమో వాయిదా పడడమో జరుగుతుందని కోవిడ్‌సర్జ్ పరిశోధన బృందం అంచనా కట్టింది. పీజీల మాట నేరుగా వినిపించేది ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ 2020లో వేసిన సర్వేలో. దేశంలోని 716 మంది కంటి వైద్య శిక్షణార్థులు జవాబిచ్చారు. తమ సర్జరీ శిక్షణ దెబ్బతిన్నదన్నవారు 80.7 శాతం. ఆన్‌లైన్ క్లాసులు, వెబినార్లు ఉపయోగపడ్డాయన్నవారు 75.7 శాతం. ఈ రెండు అంకెలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయని చదవడం పొరపాటు. వ్యాధి గురించి తెలుసుకోవడానికి తెర చాలింది, చేతికి కేసులు కావాలి. ఒకే పీజీ ఈ రెండు మాటలూ అనగలడు. అయితే సర్వే కొలిచింది అభిప్రాయాన్నే, నైపుణ్యాన్ని కాదు.

నైపుణ్యాన్ని కొలిచిన పని వేరే ఉంది. 2002లో యేల్‌లో 16 మంది రెసిడెంట్లతో జరిగిన ప్రయోగంలో, వర్చువల్ రియాలిటీ సిమ్యులేటర్ మీద సాధన చేసినవారు పిత్తాశయాన్ని కాలేయం నుంచి 29 శాతం వేగంగా వేరుచేశారు. సాధన లేనివారు పిత్తాశయానికి గాయం చేయడమో పక్క భాగాన్ని కాల్చడమో ఐదు రెట్లు ఎక్కువ. చిన్న ప్రయోగమే గాని, వెబినార్‌నూ సిమ్యులేటర్‌నూ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికి చాలు.

తెలుగునాట ఆన్‌లైన్ వైద్య బోధన చరిత్రను చిత్తూరు జిల్లా అరగొండలో 2000 మార్చి 24న బిల్ క్లింటన్ ప్రారంభించిన అపోలో టెలిమెడిసిన్ కేంద్రంతో మొదలుపెట్టవచ్చు. కాకపోతే అది ముఖ్యంగా రోగుల కోసం పెట్టింది.

మెట్ట ప్రాంతపు ఆసుపత్రుల వంటి చోట్లకు ఎక్కువ వర్తించేది జిల్లా రెసిడెన్సీ పథకం. మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకప్పుడు పీజీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలి. ఆ మూడు నెలలూ మాతృ కళాశాల గురువులతో ఫోన్‌లోనో ఇతర ఎలక్ట్రానిక్ మార్గాల్లోనో సంబంధం ఉంచుకోవాలనీ, అక్కడి క్లాసుల్లో పాల్గొనే వీలుండాలనీ నిబంధనలే చెబుతున్నాయి. లాక్‌డౌన్‌లో ఆపరేషన్ థియేటర్ దాదాపు మూతపడి తెర మిగిలింది. జిల్లా ఆసుపత్రిలో కేసు చేతికొస్తుంది, దూరంగా ఉన్నది యూనిట్ చీఫే. ఆన్‌లైన్ పద్ధతికి ఇదే సరైన చోటని అనిపిస్తుంది. జిల్లా రెసిడెన్సీని జాతీయ వైద్య కమిషన్ పథకంగా రాయడం మామూలే. కాని నోటిఫికేషన్ 2020 సెప్టెంబరు 16 నాటిది, కమిషన్ పనిలోకి దిగింది 25న. కనుక పాత వైద్య మండలి స్థానంలో ఉన్న పాలకమండలికి ఆపాదించడమే సబబు. అమలు 2021 బ్యాచ్‌తో మొదలైందన్నది ఎక్కువగా వినబడే లెక్క.