ధరణికోట ఒండ్రు, బడిలో పర్యావరణ విద్య

ధరణికోట అనగానే మీకు శాతవాహనుల ధాన్యకటకం గుర్తుకు వస్తుంది. 1960లలో భారత పురావస్తు శాఖ ఇక్కడ జరిపిన తవ్వకాలలో కృష్ణానదితో కలిసే పడవల కాలువ, దాని ఒడ్డున మొదట కొయ్యతోనూ తరువాత ఇటుకతోనూ కట్టిన రేవు బయటపడ్డాయి. కాలక్రమంలో ఆ కాలువ ఒండ్రుతో పూడిపోయింది. రాజుల పేర్లు వల్లె వేయించే మన చరిత్ర పాఠాలలో ఈ పూడికకు చోటు తక్కువ.

ఇక బడి సంగతి. పర్యావరణ స్పృహ అన్ని స్థాయిల బోధనలోనూ ఉండాలని 1986 జాతీయ విద్యావిధానం చెప్పింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న దీనిని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలన్నది. అది అమలయ్యేందుకు 2003లో మళ్లీ ఆదేశమిచ్చి, ఎన్.సి.ఇ.ఆర్.టి. చేత నమూనా పాఠ్యప్రణాళిక తయారు చేయించవలసి వచ్చింది. పన్నెండేళ్లు! ఈలోగా, 2001-02లో, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ హరిత దళం పేరుతో పాఠశాలల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది.

నా దృష్టిలో క్లబ్బే మేలైన ఆలోచన. పుస్తకంలో చేరిన పాఠం పరీక్షతో ముగుస్తుంది. క్లబ్బుకు ఊరే పాఠం. అయితే మార్కులు లేని పనికి బడిలో విలువ ఎంతో మీకు తెలియనిది కాదు. శ్రద్ధగల మాస్టారు బదిలీ అయితే చాలాచోట్ల క్లబ్బూ ఆగిపోతుంది.

మీలో ఉపాధ్యాయులుగా ఉన్నవారు పిల్లలను ధరణికోట మట్టికట్ట దగ్గరకు తీసుకువెళ్లండి. ఆనాటి కాలువ ఎలా పూడిందో చెప్పి, బడి పక్క కాలువలో మేట ఎంత ఉందో వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి కొలిపించి రాయించండి.