ఆంధ్ర విశ్వవిద్యాలయం: నూరేళ్ల నడక

మన పూర్వ విద్యార్థుల సంఘానికి 50 ఏళ్లు నిండిన ఈ 2026లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండాయి. మన బడి నుంచి పై చదువులకు వెళ్లినవారిలో చాలామంది పట్టాల మీద ఉన్నది ఆ పేరే. అందుకే ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఆ సంస్థ చరిత్రే రాయాలనిపించింది.

1976లో పదో తరగతి ముగించేనాటికి యూనివర్సిటీ అంటే నాకు తెలిసింది వాల్తేరు మిట్ట మీది పెద్ద మేడలే. ఆ మాట అంటే మన లెక్కల మాస్టారు నవ్వి, "ఒరేయ్, అది పుట్టినప్పుడు పాఠం చెప్పడానికి దానికో సొంత గది కూడా లేదురా" అన్నారు. అది ఎంత నిజమో చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

మద్రాసు శాసనసభ చేసిన చట్టంతో 1926లో బెజవాడ కేంద్రంగా ఈ విశ్వవిద్యాలయం మొదలైంది. అంతకుముందు కోస్తా జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపాధ్యక్షులు. కేంద్రం ఎక్కడ ఉండాలన్న వాదులాట సాగి సాగి, 1930లో విశాఖకు మారింది. ప్రభుత్వ దమననీతికి నిరసనగా రెడ్డిగారు అప్పుడే పదవి వదులుకున్నారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. సొంత కళాశాలలో తరగతులు మొదలైంది ఆ ఏడే. అంటే మొదటి 5 ఏళ్లూ చేతిలో ఉన్నవి అనుబంధ కళాశాలలు, పరీక్షలు, పట్టాలు మాత్రమే. 1936లో రెడ్డిగారు తిరిగి వచ్చి 1949 దాకా నడిపారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విశాఖ మేడలు ఖాళీ చేసి గుంటూరుకు తరలిపోవలసి వచ్చినా, చదువు ఆగలేదు.

ఆ నడకకు ఆధారం దాని ఏర్పాటులో ఉంది. గవర్నరు కులపతి, రోజువారీ బాధ్యత ఉపకులపతిది. మా రోజుల్లో డబ్బు, నియామకాలు సిండికేటు చూసేది. చదువు సంగతులు అకడమిక్ కౌన్సిల్ చూసేది. ఏ సబ్జెక్టులో ఏం చెప్పాలో ఆ సబ్జెక్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్ తేల్చేది. 1991 చట్టం తరువాత సిండికేటు స్థానంలో పాలకమండలి వచ్చింది. నేను డిగ్రీ చదివింది చిన్న పట్టణంలోని అనుబంధ కళాశాలలో. అయినా నా సిలబస్, నా ప్రశ్నపత్రం, నా పట్టా విశాఖ విద్యార్థికి ఉన్నవే. మారుమూల పల్లె పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు.

తన పరిధిని పంచి ఇచ్చినా ఆ సంస్థ నిలిచింది. గుంటూరులోని దాని పీజీ కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2006లో రాజమహేంద్రవరంలో నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో శ్రీకాకుళంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి.

ఇంకొక్క సంగతి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. నాకు ఆ లక్ష కన్నా "ఏటా" అన్న మాటే పెద్దదిగా తోస్తుంది. ఒక్కసారి ఇచ్చినది గోడవుతుంది, ఏటా ఇచ్చేది చదువవుతుంది.

స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టిద్దామని మనలో కొందరు మిత్రులు అంటున్నారు. వారి అభిమానాన్ని కాదనను. కానీ 1981లో నా ఎమ్మెస్సీ దరఖాస్తు రుసుమూ, విశాఖకు బస్సు చార్జీ ఇచ్చింది మన లెక్కల మాస్టారు. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ తరువాతివాడికి ఇయ్యి" అన్నారు. ఇన్నేళ్లూ ఆ బాకీ తీర్చలేదని ఈ వ్యాసం రాస్తుంటే గుర్తొచ్చి సిగ్గేసింది.

అందుకే నా మనవి: ఆర్చి కాస్త చిన్నదైనా సరే, మన బడి నుంచి పై చదువుకు వెళ్లే ఒక్క పిల్లకో పిల్లవాడికో ఏటా ప్రవేశ ఖర్చులు సంఘమే భరించాలి. మొదటి ఏటి సొమ్ము కోశాధికారికి అందజేశాను.