ఓరుగల్లు సీమలో మూగజీవుల కీళ్ల వైద్యం

ఓరుగల్లు ప్రాంతంలో జంతువుల ఎముకలకు, కీళ్లకు జరుగుతూ వచ్చిన వైద్యాన్ని కాకతీయుల కాలం నుంచి పరిశీలిస్తే, ఏ జీవికి ఎంత శ్రద్ధ దక్కిందన్నది దాని బాధను బట్టి కాక, అది చేసే పనిని బట్టి తేలిన విషయమని అర్థమవుతుంది. 1310లో దిల్లీ సేనాని మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకున్న కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు 100 ఏనుగులను, 7,000 గుర్రాలను అప్పగించాడని దిల్లీ చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు. ఆ లెక్కలో కొంత అతిశయోక్తి ఉందనుకున్నా, అంతటి బలగాన్ని మేపిన రాజ్యానికి కాలు బెణికిన గుర్రం చిన్న నష్టం కాదు. శాలిహోత్రుని పేర అశ్వవైద్యం, పాలకాప్యుని పేర గజవైద్యం సంస్కృతంలో శాస్త్రాలుగా నిలబడటానికీ, తరువాతి కాలంలో మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసం రచించడానికీ కారణం ఇటువంటి అవసరమే.

కుక్కకు అటువంటి గౌరవం దక్కలేదు. కాకతీయులు ఇంకా కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న రోజుల్లో, 1130 ప్రాంతంలో, చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో కుక్కల ప్రస్తావన ఉన్నమాట నిజమే. అయితే అది ‘సారమేయ వినోదం’ అన్న శీర్షిక కింద, అంటే రాజుల కాలక్షేపాల వరుసలో ఉంది. సారమేయం అంటే దేవతల కుక్క సరమ సంతానం. శివుని రూపంగా కొలిచే మైలారదేవుని వెంట కుక్క ఉండటం, కన్నడ దేశపు గొరవలనే భక్తులు ఆ దేవుని ఎదుట తామే కుక్కలై మొరగడం, ఆ దేవుని రూపమే అయిన, వరంగల్ సమీపంలోని ఐనవోలు మల్లన్నను గొల్ల కురుమలు ఇలవేల్పుగా కొలవడం చూస్తే, మందను కాసే కుక్కకు దైవ సన్నిధిలో చోటు దొరికినంత సులభంగా వైద్యుని ముంగిట దొరకలేదని చెప్పక తప్పదు.

పల్లెల్లో వైద్యం ప్రధానంగా ఎద్దుల చుట్టూ తిరిగింది. దుక్కిటెద్దు కుంటితే సాగు ఆగిపోతుంది కనుక, పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం, ఆముదం రాసి కాపడం పెట్టడం, విరిగిన కాలికి వెదురు బద్దలు కట్టడం, ఏదీ పనిచేయకపోతే ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం నాటువైద్యుల పద్ధతులు. వీటిలో చివరిది జంతువుకు రెండో బాధ కలిగించడమే తప్ప మరొకటి కాదు. ఎముకలకు మేలుచేస్తుందని పేరున్న నల్లేరును సంస్కృతంలో అస్థిసంహారకమని పిలవడం గమనించదగింది, ఎందుకంటే అక్కడ సంహారమంటే నాశనం కాదు, ఒకచోటికి చేర్చడం. మనుషుల విషయంలో నాటువైద్యం ఇంకొంత ముందుకు సాగింది: నడుము పట్టేసినప్పుడు, తల ముందుగా కాక కాళ్లతో పుట్టిన వ్యక్తిని పిలిచి ఆ నడుముపై తన్నించుకునే ఆచారం తెలుగునాట ఉండేది. పుట్టుకకూ ఆ తాపుకూ సంబంధం ఏమిటో ఎవరూ నిరూపించలేదు గానీ, పట్టిన కండరంపై ఒక్కసారిగా పడే ఒత్తిడితో సడలింపు కలుగుతుందన్న అనుభవం దాని వెనుక ఉండి ఉండవచ్చు.

ఇంచుమించు ఇదే ఊహను 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ ఒక సిద్ధాంతంగా మార్చాడు. వెన్నుపూసను నెట్టి హార్వీ లిలార్డ్ అనే వ్యక్తి చెవుడు పోగొట్టానని ప్రకటించుకున్న పామర్, పూసలు స్థానం తప్పి నరాలను అడ్డుకోవడమే అనేక రోగాలకు మూలమన్నాడు. చెయ్యి, పని అన్న అర్థాలుగల రెండు గ్రీకు మాటలతో ఆ పద్ధతికి కైరోప్రాక్టిక్ అని పేరు వచ్చింది. రోగాలన్నిటికీ వెన్నే మూలమన్న ఆ వాదాన్ని ఆధునిక వైద్యం అంగీకరించలేదు. జంతువుల కైరోప్రాక్టిక్ ఒక వృత్తిగా నిలదొక్కుకున్నది చాలా ఆలస్యంగా, పశువైద్యంలోనూ కైరోప్రాక్టిక్‌లోనూ శిక్షణ పొందిన షారన్ విలబీ 1980ల చివరలో అమెరికాలో దానికొక సంఘాన్ని ఏర్పరచిన తరువాతనే. కుక్కల్లో దాని ప్రయోజనానికి ఆధారాలు ఇప్పటికీ పలుచనివే.

అసలు కుక్క వెన్ను ఇంత చర్చకు రావడానికి మనిషి చేతలే ప్రధాన కారణం. పొట్టి కాళ్ల కోసం తరతరాలుగా ఎంచి పెంచిన డాక్స్‌హుండ్ వంటి జాతుల్లో, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండవలసిన డిస్కు చిన్న వయసులోనే గట్టిపడి, ఒకనాడు పగిలి వెన్నుపామును నొక్కితే వెనక కాళ్లు పడిపోతాయి. డిస్కు పగలడానికీ నెమ్మదిగా ఉబ్బడానికీ ఉన్న తేడాను 1952లో స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ వివరించాడు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తొడ ఎముక తల తుంటి గిన్నెలో సరిగా ఇమడక కీలు అరిగిపోతుంది. పగిలిన డిస్కు ఉన్నచోట చేత్తో గట్టిగా నెట్టితే వెన్నుపాము మరింత దెబ్బతినవచ్చు కాబట్టి, పరీక్ష, ఎక్స్‌రే లేకుండా ఆ చెయ్యి వేయడం ప్రమాదమే.

ఇటువంటి జాతులు వరంగల్, హనుమకొండ ఇళ్లలోకి వచ్చేనాటికి ఇక్కడ ఉన్నది పశువుల దవాఖాన. ఆ పేరులోనే ఎద్దు, బర్రె కనిపిస్తాయి, కుక్క కనిపించదు. హైదరాబాద్ రాజ్యంలో పశువైద్య కళాశాల 1946లో మొదలుకాగా, వరంగల్‌కు తన సొంత కళాశాల తెలంగాణ ఏర్పడ్డాక మామునూరులో వచ్చింది. అది ఈ జిల్లా లక్నేపల్లిలోనే 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు పేరిట ఉన్న విశ్వవిద్యాలయానికి చెందినది కావడం ఒక చక్కని పొందిక. ఈలోగా 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, జంతువులకు వైద్యం చేసే అధికారాన్ని నమోదైన పశువైద్యులకు పరిమితం చేసి, చిన్నపాటి సేవలకు మాత్రం వారి పర్యవేక్షణలో ఇతరులకు అవకాశమిచ్చింది. అందువల్ల ఓరుగల్లులో మనిషి తన పట్టేసిన నడుమును కాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకోవచ్చు గానీ, తన కుక్క నడుమును మాత్రం పశువైద్యునికే చూపించాలి.