గేమ్ తయారు చేయాలనుకుంటున్నారా? మొదటిసారికి ఏ ఇంజన్ తేలిక?

ఫోన్‌లో గేమ్స్ ఆడే పిల్లలు, యువకులు దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్లలో కొందరికి ‘ఇలాంటిది నేనూ చేయగలనా?’ అనే ఆలోచన వస్తుంది. యూట్యూబ్‌లో వెతికితే ఒకరు యూనిటీ అంటారు, ఇంకొకరు అన్‌రియల్ అంటారు, మరొకరు గోడో అంటారు. ఒకటి మొదలుపెట్టి, కష్టంగా ఉందని వదిలేసి, రెండోదానికి వెళ్లి, అక్కడా ఆగిపోయేవాళ్లు చాలామంది. నెలలు గడిచిపోతాయి, చేతిలో ఒక్క గేమ్ కూడా ఉండదు. కొందరైతే వేల రూపాయలు పెట్టి కోర్సు కొన్నాక గానీ ఆ ఇంజన్ తమ ల్యాప్‌టాప్‌లో సరిగ్గా నడవదని తెలుసుకోరు.

అందుకే ‘ఏ ఇంజన్ గొప్పది’ అని కాకుండా ‘నా దగ్గర ఉన్న కంప్యూటర్‌లో, నాకు వచ్చినంత కోడింగ్‌తో, ఒక చిన్న గేమ్‌ను దేనిలో పూర్తి చేయగలను’ అని అడగాలి. అలా పూర్తి చేయనిచ్చేదే మీకు తేలికైన ఇంజన్.

గేమ్ ఇంజన్ అంటే ఏంటి?

తెర మీద బొమ్మ కదలాలి. బటన్ నొక్కితే ఎగరాలి. గోడను తాకితే ఆగాలి. నాణెం దొరికితే శబ్దం రావాలి. ఇవన్నీ మొదటి నుంచి సొంతంగా రాయాలంటే ఏళ్లు పడుతుంది. ఈ పనులు ముందే సిద్ధం చేసి ఇచ్చే సాఫ్ట్‌వేరే గేమ్ ఇంజన్. పొయ్యి, గిన్నెలు, గ్యాస్ అన్నీ ఉన్న వంటగది లాంటిది. ఏం వండాలి, ఉప్పు ఎంత వేయాలి అన్నది మీ చేతిలోనే ఉంటుంది. తయారైన గేమ్‌ను ఆండ్రాయిడ్ యాప్‌గానో, విండోస్ ప్రోగ్రామ్‌గానో, బ్రౌజర్‌లో ఆడేలాగానో మార్చి ఇవ్వడం కూడా ఇంజన్ పనే.

ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

మొదటిది, మీ కంప్యూటర్ ఏంటి? 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు, 16 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌కు ఒకే సలహా పనికిరాదు.

రెండోది, ఎలాంటి గేమ్ కావాలి? టూడీ గేమ్, పజిల్, కథ చెప్పే గేమ్ అయితే దారి వేరు. త్రీడీ అయితే వేరు. మొదటి గేమ్ టూడీనే చేయడం మంచిది. త్రీడీలో కెమెరా, లైటింగ్, మోడలింగ్ అన్నీ ఒకేసారి మీద పడతాయి.

మూడోది, కోడింగ్ వచ్చా? రాకపోయినా గేమ్ చేయొచ్చు, కానీ దానికి తగిన ఇంజన్ కావాలి.

నాలుగోది, గేమ్ ఎందుకు? సరదాకా, అమ్మడానికా, ఉద్యోగం కోసమా? ఉచితం అన్న మాటకు ప్రతి ఇంజన్‌లో ఒక్కో అర్థం ఉంటుంది.

పిల్లలకు, కోడింగ్ అస్సలు రానివాళ్లకు: స్క్రాచ్

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో తయారైన స్క్రాచ్ 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేశారు. ఇందులో కోడ్ టైప్ చేయాల్సిన పనిలేదు. రంగురంగుల బ్లాకులను ఒకదాని కింద ఒకటి అమర్చితే చాలు. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, పూర్తిగా ఉచితం. నెట్ లేనప్పుడు వాడుకోవడానికి విడిగా యాప్ కూడా ఉంది.

దీనితో నేరుగా ప్లే స్టోర్‌లో పెట్టే గేమ్ చేయలేరు. అయితే ‘ఇలా జరిగితే అలా చేయి’, ‘పదిసార్లు చేయి’ అనే ఆలోచనా పద్ధతి మాత్రం గట్టిగా పట్టుబడుతుంది. ఏడో తరగతి పిల్లాడికి నేరుగా యూనిటీ చూపించే కంటే ఇక్కడ మొదలుపెట్టించడం మేలు.

కోడ్ లేకుండా అసలైన యాప్ కావాలంటే: జీడెవలప్

జీడెవలప్ ఓపెన్ సోర్స్ ఇంజన్. ‘ఆటగాడు నాణేన్ని తాకితే, నాణేన్ని తీసేయి, స్కోరు ఒకటి పెంచు’ అన్నట్టుగా షరతులు, పనులు ఎంచుకుంటూ పోవాలి. బ్రౌజర్‌లోనూ తెరవొచ్చు, కంప్యూటర్‌లోనూ వేసుకోవచ్చు. చేసిన గేమ్‌ను ఆండ్రాయిడ్ యాప్‌గా మార్చుకోవచ్చు. కాకపోతే వాళ్ల సర్వర్ల ద్వారా యాప్ తయారు చేసుకునేందుకు ఉచిత ఖాతాలో పరిమితి ఉంటుంది.

ఇదే తరహాలో పనిచేసే కన్‌స్ట్రక్ట్ 3 కూడా చాలా సులువు. కానీ దాని ఉచిత వెర్షన్‌లో పరిమితులు ఎక్కువ, పూర్తిగా వాడాలంటే చందా కట్టాలి.

తక్కువ ర్యామ్, కొంచెం కోడింగ్ ఆసక్తి ఉన్నవాళ్లకు: గోడో

దీన్ని కొందరు గొడాట్ అని కూడా పలుకుతారు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెత్స్కీ, ఆరియెల్ మాన్సూర్ మొదలుపెట్టిన ఈ ఇంజన్‌ను 2014లో ఓపెన్ సోర్స్ చేశారు. ఎంఐటీ లైసెన్సు కింద ఉంది. అంటే మీ గేమ్ మీద కోటి రూపాయలు వచ్చినా వాళ్లకు పైసా కట్టక్కర్లేదు.

మన విద్యార్థులకు ఇది కలిసొచ్చే ఇంజన్. డౌన్‌లోడ్ సైజు వంద ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని కూడా లేదు, ఫైల్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. పాత ల్యాప్‌టాప్ అయితే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు రెండరర్ దగ్గర ‘కంపాటిబిలిటీ’ ఎంచుకోండి. పాత గ్రాఫిక్స్ చిప్‌లకు సరిపోయే మోడ్ అది. ఆండ్రాయిడ్ ఫోన్, ట్యాబ్‌లలో నడిచే ఎడిటర్ కూడా ఉంది.

కోడ్ రాయడానికి జీడీస్క్రిప్ట్ అనే సొంత భాష ఉంది. చూడటానికి పైథాన్‌లా ఉంటుంది. స్కూల్లోనో, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనో పైథాన్ చదివినవాళ్లకు వారం రోజుల్లో అలవాటైపోతుంది. అమ్మకానికి పనికొచ్చే గేమ్స్ దీనితో వస్తాయా అని సందేహం వద్దు. బ్రొటాటో, డోమ్ కీపర్, బక్‌షాట్ రూలెట్ గోడోతో చేసినవే.

ఒక జాగ్రత్త. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో చాలా పేర్లు మారాయి. ఉదాహరణకు, పాత వెర్షన్‌లో ఆటగాడి బొమ్మకు వాడే ‘కైనమాటిక్ బాడీ’ పేరు ఇప్పుడు ‘క్యారెక్టర్ బాడీ’. పాత వీడియో చూసి కొత్త వెర్షన్‌లో టైప్ చేస్తే ఎర్రర్లు వస్తాయి. తప్పు మీది కాదు, వీడియో పాతది. అందుకే పాఠం మొదలుపెట్టే ముందు అది ఏ వెర్షన్‌కు చెప్పారో చూడండి.

టూడీ గేమ్స్‌కే ప్రత్యేకంగా: గేమ్‌మేకర్

నెదర్లాండ్స్‌కు చెందిన మార్క్ ఓవర్‌మార్స్ 1999లో మొదలుపెట్టిన పాత ఇంజన్ ఇది. ఇప్పుడు ఒపెరా సంస్థ చేతిలో ఉంది. ప్రపంచమంతా మెచ్చుకున్న అండర్‌టేల్ గేమ్ 2015లో దీనితోనే వచ్చింది. 2023 నవంబర్ నుంచి డబ్బు కోసం కాకుండా చేసేవాళ్లకు ఉచితం చేశారు. గేమ్ అమ్మాలంటే మాత్రం ఒకసారి సుమారు 100 డాలర్లు పెట్టి లైసెన్సు తీసుకోవాలి. కేవలం టూడీ చాలనుకుంటే మంచి ఎంపిక.

కథ చెప్పే గేమ్స్, అంటే బొమ్మలు, సంభాషణలు, ‘ఇప్పుడు ఏం చేస్తావ్’ అనే ఎంపికలు ఉండేవి చేయాలంటే రెన్‌పై అనే ఉచిత ఇంజన్ ఉంది. సినిమా స్క్రిప్టు రాసినట్టే రాసుకుంటూ పోవచ్చు.

ఉద్యోగం లక్ష్యమైతే: యూనిటీ

మొబైల్ గేమ్స్ చేసే కంపెనీల్లో యూనిటీ వాడకం చాలా ఎక్కువ. పోకెమాన్ గో, అమాంగ్ అస్ దీనితో చేసినవే. సీ షార్ప్ భాష నేర్చుకోవాలి. పాఠాలకు, రెడీమేడ్ సామగ్రికి కొరత లేదు. కానీ ఇన్‌స్టాల్ చేయడానికే చాలా జీబీల డేటా, డిస్క్ ఖాళీ కావాలి. 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు, 16 ఉంటే హాయిగా ఉంటుంది. 4 జీబీతో మాత్రం ప్రయత్నించి విసిగిపోవద్దు.

గడిచిన 12 నెలల్లో ఆదాయం, పెట్టుబడి కలిపి 2 లక్షల డాలర్లు దాటనంత వరకు పర్సనల్ వెర్షన్ ఉచితం. అయితే ఇక్కడ ఒక పాఠం ఉంది. 2023 సెప్టెంబర్ 12న యూనిటీ కొత్త ఫీజు ప్రకటించింది. కొంత పరిమితి దాటాక గేమ్ ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ డబ్బు కట్టాలన్నది దాని సారాంశం. ప్రపంచవ్యాప్తంగా డెవలపర్లు మండిపడ్డారు. పది రోజుల్లోనే నిబంధనలు సడలించారు, ఏడాది తర్వాత 2024 సెప్టెంబర్‌లో ఆ ఫీజునే ఎత్తేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లను ఆ ఫీజు తాకేది కాదు. కానీ ఒక కంపెనీ ఇంజన్ మీద ఆధారపడితే రేపు నిబంధనలు మారొచ్చని అందరికీ అర్థమైంది. ఆ రోజుల్లో చాలామంది చూపు గోడో వైపు మళ్లడానికి కారణం ఇదే.

అన్‌రియల్ ఇప్పుడే వద్దా?

ఎపిక్ గేమ్స్ వారి అన్‌రియల్ ఇంజన్‌తో వచ్చే దృశ్యాలు సినిమాలా ఉంటాయి. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ’ అనే గేమ్‌ను దీనితోనే చేశారు. బ్లూప్రింట్స్ అనే పద్ధతిలో కోడ్ రాయకుండానే గీతలు కలుపుతూ లాజిక్ కట్టొచ్చు. ఒక గేమ్ మీద 10 లక్షల డాలర్లు దాటేవరకు రాయల్టీ లేదు, ఆ తర్వాత 5 శాతం.

అడ్డంకల్లా యంత్రమే. ఎపిక్ సూచించే కంప్యూటర్‌కు 32 జీబీ ర్యామ్ ఉండాలి. అది లేకుండా మొదలుపెడితే గేమ్ చేయడం కంటే లోడ్ అయ్యేదాకా ఎదురుచూడటమే ఎక్కువవుతుంది. మంచి మెషీన్ ఉండి, పెద్ద త్రీడీ గేమ్స్ రంగంలోకి వెళ్లాలనే పట్టుదల ఉంటే రెండో మెట్టుగా పెట్టుకోండి.

తెలుగు, ఉర్దూ అక్షరాల సంగతి

ఇంగ్లిష్ పాఠాల్లో ఈ విషయం చెప్పరు. ‘స్త్రీ’ అని ఒక్క అక్షరంలా కనిపించేది కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి ఒక రూపంగా చూపించే పనిని ఇంజన్ చేయకపోతే వత్తులు విడిపోయి చదవలేనంత వికారంగా కనిపిస్తాయి. ఉర్దూకు ఇంకో చిక్కు ఉంది. కుడి నుంచి ఎడమకు నడవాలి, అక్షరాలు ఒకదానితో ఒకటి కలవాలి.

గోడో 4లో ఈ ఏర్పాటు ఇంజన్‌లోనే ఉంది. గోడో 3లో లేదు. అన్‌రియల్‌లోనూ ఉంది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో నేరుగా తెలుగు వత్తులు, ఉర్దూ కలయికలు సరిగా రావు, అదనపు ఏర్పాట్లు చేసుకోవాలి. జీడెవలప్ లాంటి బ్రౌజర్ ఆధారిత ఇంజన్లలో అక్షరాలను బ్రౌజరే కూర్చుతుంది కాబట్టి మామూలు టెక్స్ట్‌కు ఇబ్బంది తక్కువ.

ఏ ఇంజన్ అయినా ఫాంట్‌ను ప్రాజెక్టులోనే పెట్టండి. లేకపోతే మీ కంప్యూటర్‌లో బాగున్న అక్షరాలు వేరేవాళ్ల దగ్గర డబ్బాల్లా కనిపించొచ్చు. తెలుగుకు నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, మల్లన్న, ఉర్దూకు నోటో నస్తలీఖ్ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అమ్మమ్మ, దాదీ కూడా చదివి ఆడగలిగే గేమ్ చేయాలనుకుంటే మొదటి రోజే ‘స్త్రీ’ అని టైప్ చేసి చూడండి. సరిగా వస్తే ముందుకు వెళ్లండి.

మొదటి నెల ఏం చేయాలి?

మల్టీప్లేయర్, ఓపెన్ వరల్డ్ లాంటివి మొదటి ప్రయత్నానికి వద్దు. వియత్నాం డెవలపర్ డాంగ్ నుయెన్ 2013లో విడుదల చేసిన ఫ్లాపీ బర్డ్‌లో ఉన్నది ఒక పిట్ట, కొన్ని పైపులు, ఒక్క ట్యాప్. ఆ సైజు గేమ్ పెట్టుకోండి. మొదటి వారం బొమ్మ కదలాలి. రెండో వారం అడ్డంకి తగిలితే ఆట ముగియాలి. మూడో వారం స్కోరు, శబ్దం, మళ్లీ ఆడే బటన్ రావాలి. నాలుగో వారం ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు ఇచ్చి ఆడించండి. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. ఎక్కడ తికమకపడ్డారో అక్కడే సరిచేయాలి.

బొమ్మలు గీయడం రాకపోతే కెన్నీ, ఓపెన్ గేమ్ ఆర్ట్ సైట్లలో ఉచిత బొమ్మలు, శబ్దాలు ఉన్నాయి. వాటి లైసెన్సు చదివి వాడుకోండి. సినిమా పాటలు, హీరోల ఫోటోలు మాత్రం పెట్టొద్దు. హక్కులున్నవాళ్లు ఫిర్యాదు చేస్తే గేమ్ తీసేస్తారు.

విడుదలకు ఖర్చెంత?

ఇచ్ డాట్ ఐవో సైట్‌లో పెట్టడం ఉచితం, మొదటి గేమ్‌కు అదే సరైన చోటు. గూగుల్ ప్లే ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు కట్టాలి. 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలైతే విడుదలకు ముందు కనీసం 12 మందితో 14 రోజులు వరుసగా పరీక్ష చేయించాలి. ఆ 12 మందిని ముందే మాట్లాడి పెట్టుకోండి. స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి.

మరి చివరికి ఏది?

పిల్లలైతే స్క్రాచ్. కోడింగ్ వద్దనుకుంటే జీడెవలప్. మామూలు ల్యాప్‌టాప్ ఉండి, కాస్త కోడ్ నేర్చుకునే ఓపిక ఉంటే, ముఖ్యంగా తెలుగు లేదా ఉర్దూలో గేమ్ చేయాలనుకుంటే గోడో. మంచి కంప్యూటర్ ఉండి ఉద్యోగమే లక్ష్యమైతే యూనిటీ.

ఎంచుకున్నాక మొదటి గేమ్ పూర్తయ్యే వరకు ఇంకో ఇంజన్ వైపు చూడొద్దు. అధికారిక పాఠాలు ఉచితంగానే ఉన్నాయి కాబట్టి అప్పటిదాకా కోర్సులకు డబ్బు పెట్టొద్దు. ఒక ఇంజన్‌లో నేర్చుకున్న లూపులు, ఢీకొనడం, స్కోరు లెక్క ఇంకో ఇంజన్‌లోనూ పనికొస్తాయి. రేపు ఏ స్టూడియోకు ఇంటర్వ్యూకు వెళ్లినా ‘ఏం చేశావో చూపించు’ అని అడుగుతారు. సగంలో ఆగిన పది ప్రాజెక్టుల కంటే, ఫోన్ తీసి ఆడించి చూపించగలిగే ఒక్క చిన్న గేమ్ అక్కడ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.